హోంవర్క్ పూర్తయింది... ఎవరు చేశారు?



గత ఏడాది ఎనిమిదో తరగతి పిల్లలకు తెలుగులో ‘మా అమ్మమ్మ ఊరు’ అనే వ్యాసం ఇచ్చాను. సోమవారం నోటుపుస్తకాలన్నీ నా బల్ల మీదికి వచ్చాయి. వాటిలో ఒక వ్యాసం చూడగానే ముచ్చటేసింది. ఒక్క అక్షరదోషం లేదు. పచ్చని పైరులు, గలగల పారే సెలయేరు, చెట్ల మీద కోయిలలు, అరుగుల మీద ఆప్యాయంగా పలకరించే పెద్దలు... అన్నీ ఉన్నాయి. ఒక్కటే ఇబ్బంది. ఆ అమ్మాయి వాళ్ల అమ్మమ్మ ఊరు ధర్మవరం దగ్గర ఒక పల్లె అని నాకు తెలుసు. విరామంలో పిలిచి అడిగాను.

“మీ అమ్మమ్మ ఊళ్లో సెలయేరు ఏ పక్కన ఉంటుందమ్మా?”

కాసేపు తల వంచుకుని నిలబడింది. “అక్కడ సెలయేరు లేదు మేడమ్. చిత్రావతిలోనే ఎప్పుడు చూసినా ఇసుక ఉంటుంది.”

“మరి ఊళ్లో ఏముంటుంది?”

ఇక ఆపకుండా చెప్పింది. తెల్లవారుజామునే వినిపించే మగ్గం చప్పుడు, మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చునే తాత, వేసవిలో నీళ్ల ట్యాంకరు వస్తే వీధి పొడవునా బిందెల వరుస, వేరుశనగ కాయలు ఒలిపిస్తూ అవ్వ చెప్పే కథలు. పది నిమిషాలు చెప్పింది. నేను వింటూ ఉండిపోయాను.

“ఇంత తెలుసు కదా, ఇదంతా ఎందుకు రాయలేదు?”

“ఇవి రాస్తే మార్కులు రావనుకున్నాను మేడమ్. అందుకే ఫోన్‌లో ఏఐని అడిగి రాశాను.”

ఆ మాట చాలా రోజులు నన్ను వదల్లేదు. ఆ అమ్మాయి సోమరి కాదు, అబద్ధాలాడే పిల్ల కూడా కాదు. తనకు తెలిసిన దానికి విలువ లేదనీ, అచ్చు వేసినట్లు కనిపించే దానికే మార్కులనీ ఎక్కడో నేర్చుకుంది. అది యంత్రం నేర్పింది కాదు. పెద్దవాళ్లం మనమే నేర్పాం.

మళ్లీ రాసుకు రమ్మని పంపాను. ఆ సాయంత్రం వాళ్ల అమ్మగారు ఫోన్ చేశారు. “క్లాసులో చాలామంది అలాగే రాశారట కదండీ. దొరికింది కాబట్టి మా పాప ఒక్కతేనా?” అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఈ నెల వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు వెతికే ప్రయత్నమే.

పాత అలవాటు, కొత్త పనిముట్టు

చాట్‌జీపీటీ 2022 నవంబరు 30న జనంలోకి వచ్చింది. అంతకుముందు హోంవర్కులన్నీ పిల్లలే సొంతంగా చేశారని మనం గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలమా? గైడు చూసి జవాబులు ఎక్కించడం ఉంది. స్నేహితుడి రికార్డు తెచ్చుకుని బొమ్మలతో సహా దించడం ఉంది. సైన్సు ఫెయిర్ ముందు రోజు రాత్రి నాన్న థర్మాకోల్ కోస్తుంటే, అమ్మ రంగులు వేస్తుంటే, బిడ్డ పక్కన నిద్రపోవడం చాలా ఇళ్లలో జరిగిందే. మోడల్ బాగుందని మేమూ బహుమతి ఇచ్చాం. ఎవరు చేశారని గట్టిగా అడగలేదు.

ఏఐ వచ్చాక మారినవి రెండు. గైడులో ఉన్న జవాబు అందరిదీ ఒకేలా ఉండేది, టీచరుకు చూడగానే తెలిసేది. ఏఐ అడిగిన ప్రతిసారీ కొత్త మాటలతో రాసిస్తుంది. ఇక గైడు చూసి రాసేవాడు కనీసం ఏ పేరా కావాలో వెతుక్కోవాలి. ఇప్పుడు ప్రశ్నను ఫొటో తీస్తే చాలు, వెతికే పని కూడా లేదు. అందుకే ఇన్నాళ్లూ చూసీ చూడనట్లు వదిలేసిన విషయాన్ని ఇప్పుడు సూటిగా మాట్లాడుకోక తప్పదు.

కష్టపడినప్పుడే ఎందుకు వస్తుంది?

ఏడో తరగతి స్థాయి లెక్క ఒకటి చూడండి. ఒక వస్తువును 20 శాతం లాభానికి 600 రూపాయలకు అమ్మారు. కొన్నవెల ఎంత?

చాలామంది పిల్లలు మొదట 600లో 20 శాతం అంటే 120 తీసేసి 480 అంటారు. తప్పు. కానీ ఆ తప్పే అసలు పాఠం. “సరే, 480కి 20 శాతం లాభం కలిపి చూడు” అంటే 96 కలుపుతారు, 576 వస్తుంది. 600 రాలేదే! ఇక్కడ పిల్లవాడు ఆగుతాడు, తల గోక్కుంటాడు. లాభం కొన్నవెల మీద లెక్కకట్టాలి కానీ అమ్మినవెల మీద కాదని అప్పుడు తడుతుంది. 600ను 1.2తో భాగిస్తే 500. ఈ సంగతి వాడు ఇక మరచిపోడు.

అదే లెక్క ఫోన్‌ను అడిగిన పిల్లవాడికీ 500 వస్తుంది. మెట్లు కూడా చక్కగా వస్తాయి. కానీ 480 దగ్గర తప్పు చేసే అవకాశం వాడికి రాలేదు. పరీక్షలో వాడు మొదటిసారిగా ఆ తప్పు చేస్తాడు. అక్కడ దిద్దుకునే సమయం ఉండదు.

ఇది మా అనుభవం మాత్రమే కాదు. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు టర్కీలో ఒక ఉన్నత పాఠశాలలో దాదాపు 1000 మంది విద్యార్థులతో గణితంలో ఒక పెద్ద ప్రయోగం చేశారు. 2025లో అది ప్రచురితమైంది. పిల్లలను మూడు జట్లు చేశారు. మొదటి జట్టు పుస్తకం, నోట్సుతోనే అభ్యాసం చేసింది. రెండో జట్టుకు చాట్‌జీపీటీ లాంటి మామూలు ఏఐ ఇచ్చారు. మూడో జట్టుకు జవాబు చెప్పకుండా, టీచర్లు తయారుచేసిన సూచనల ప్రకారం దారి మాత్రం చూపే ఏఐ ఇచ్చారు.

అభ్యాసం చేసేటప్పుడు మొదటి జట్టు కంటే రెండో జట్టు 48 శాతం, మూడో జట్టు 127 శాతం మెరుగ్గా చేశాయి. తర్వాత ఏఐని తీసేసి పరీక్ష పెట్టారు. మామూలు ఏఐ వాడిన రెండో జట్టు, ఏఐని అసలు ముట్టని మొదటి జట్టు కంటే 17 శాతం తక్కువ తెచ్చుకుంది. సూచనలు మాత్రమే ఇచ్చిన ఏఐ వాడిన మూడో జట్టుకు ఆ నష్టం దాదాపుగా కలగలేదు. అయితే పుస్తకంతో చదివిన జట్టును మించి పోనూ లేదు. అందరూ గమనించాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. వెనకబడిన జట్టు పిల్లలకు తాము వెనకబడ్డామని తెలియలేదు. తమకు బాగానే వచ్చిందనుకున్నారు.

“మా వాడు అన్ని హోంవర్కులూ టైముకు చేస్తాడండీ, పరీక్షలోనే ఎందుకో తడబడతాడు” అని పేరెంట్స్ మీటింగులో తరచూ వింటుంటాం. కారణాలు చాలా ఉండొచ్చు. ఇది కూడా ఒకటేమో చూడండి.

పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవడం గురించీ ఒక పాత ప్రయోగం ఉంది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలు కొందరు విద్యార్థులతో ఒక పాఠాన్ని రెండుసార్లు చదివించారు. ఇంకొందరితో ఒకసారి చదివించి, చూడకుండా గుర్తున్నంత రాయించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవారు 81 శాతం, చూడకుండా రాసినవారు 75 శాతం గుర్తు చెప్పారు. వారం తర్వాత లెక్క తిరగబడింది. రెండుసార్లు చదివినవారికి 42 శాతమే గుర్తుంది. చూడకుండా రాసినవారికి 56 శాతం గుర్తుంది. గుర్తు తెచ్చుకోవడానికి పడే అవస్థే జ్ఞాపకాన్ని నిలబెడుతుంది. ఆ అవస్థ లేకుండా ఏఐ రాసిచ్చిన నోట్సు ఎంత అందంగా ఉన్నా, పిల్లలకు అది రెండోసారి చదవడం లాంటిదే.

పట్టుకునే యంత్రాలను ఎందుకు నమ్మడం లేదు?

“ఏఐతో రాసింది పట్టుకునే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయట కదా, అవి పెట్టేయండి” అని కొందరు తల్లిదండ్రులు సూచించారు. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే 2023 జనవరిలో అలాంటి పరికరం ఒకటి విడుదల చేసింది. సంస్థ స్వయంగా చెప్పిన లెక్క ప్రకారమే అది ఏఐ రాతలో 26 శాతాన్ని మాత్రమే గుర్తించగలిగింది. మనుషులు రాసిన వాటిలో 9 శాతాన్ని ఏఐ రాతగా పొరబడింది. కచ్చితత్వం లేదని అదే ఏడాది జులైలో దాన్ని ఉపసంహరించుకుంది.

మన పిల్లలకు మరీ దగ్గరి సంగతి ఇంకొకటి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో ఇలాంటి ఏడు పరికరాలను పరీక్షించారు. ఇంగ్లిష్ మాతృభాష కానివారు టోఫెల్ పరీక్ష కోసం సొంతంగా రాసిన 91 వ్యాసాలను వాటికి ఇచ్చారు. సగటున సగానికి పైగా వ్యాసాలను అవి ఏఐ రాతగా ముద్ర వేశాయి. నేర్చుకున్న భాషలో మనం చిన్న వాక్యాలు, తెలిసిన మాటలు వాడతాం. యంత్రానికి అదే అనుమానంగా తోస్తుంది. కష్టపడి సొంతంగా ఇంగ్లిష్ రాసిన పిల్లను దొంగను చేయడం కంటే పెద్ద అన్యాయం లేదు. అందుకే యంత్రం ఇచ్చిన శాతం చూసి మేము ఎవరినీ తప్పు పట్టం. రాసిన దాని గురించి ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడతాం. సెలయేరు సంగతి అలాగే బయటపడింది.

ఏది సాయం? ఏది మోసం?

ఏఐని పూర్తిగా నిషేధించాలని మేము అనుకోవడం లేదు. సీబీఎస్‌ఈ 2019-20 నుంచే తొమ్మిదో తరగతిలో కృత్రిమ మేధను ఐచ్ఛిక విషయంగా ప్రవేశపెట్టింది. మన పిల్లలు రేపు ఉద్యోగాల్లో దీన్ని వాడతారు. ఎక్కడ గీత గీయాలో చెప్పడం పెద్దల బాధ్యత. గీత ఇది: ఆలోచించే పని ఎవరు చేశారు?

సాయం కిందికి వచ్చేవి:

• అర్థంకాని భావనను ఇంకో ఉదాహరణతో వివరించమనడం.

• “కిరణజన్య సంయోగక్రియ మీద నన్ను ఐదు ప్రశ్నలు ఒక్కొక్కటిగా అడుగు. నేను జవాబు చెప్పాకే తప్పొప్పులు చెప్పు” అని అడగడం.

• తాను చేసిన లెక్క చూపించి “ఏ మెట్టులో తప్పుందో చెప్పు, జవాబు మాత్రం చెప్పకు” అనడం.

• తాను రాసిన ఇంగ్లిష్ పేరాలో వ్యాకరణ దోషాలు చూపించమని, ఎందుకు దోషమో తెలుసుకుని తానే దిద్దుకోవడం.

చెప్పి చేయాల్సినవి: ప్రాజెక్టులో బొమ్మ, పట్టిక లాంటివి ఏఐతో చేయించుకుంటే చివర ఒక్క వాక్యం రాయాలి. “రెండో పేజీలోని పట్టికకు ఏఐ సాయం తీసుకున్నాను. అంకెలు పాఠ్యపుస్తకంతో సరిచూశాను” అంటే చాలు. ఇలా రాసినందుకు మార్కులు తగ్గవు.

మోసం కిందికి వచ్చేవి: ఏఐ రాసిన వ్యాసం, చేసిన లెక్క, చెప్పిన ప్రయోగ ఫలితం తనవిగా ఇవ్వడం. ప్రయోగం చేయకుండానే రికార్డులో అంకెలు నింపడం అన్నింటికంటే పెద్ద తప్పు. అక్కడ పిల్లలు సైన్సునే అబద్ధంగా రాస్తున్నారు.

ఏఐ చెప్పిందల్లా నిజం కాదన్న సంగతీ పిల్లలకు చెప్పాలి. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన కేసుల వివరాలను సరిచూడకుండా కోర్టుకు సమర్పించారు. ఆ కేసులు అసలు లేనే లేవు. న్యాయమూర్తి 5,000 డాలర్ల జరిమానా వేశారు. చదువుకున్న లాయర్లే మోసపోయారంటే ఎనిమిదో తరగతి పిల్లల మాట చెప్పేదేముంది? అది తప్పు చెప్పినా తడబాటు లేకుండా చెబుతుంది. పాఠ్యపుస్తకంతో సరిచూడటం తప్పనిసరి.

ఇంకో జాగ్రత్త. చాట్‌జీపీటీ నిబంధనల ప్రకారం 13 ఏళ్లలోపు పిల్లలు దాన్ని వాడకూడదు. 18 ఏళ్లలోపు వారికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. మార్కుల మెమో, ఆధార్ కార్డు, ఇంటి చిరునామా, స్నేహితుల ఫొటోలు ఏ ఏఐకీ ఇవ్వకూడదని ముందే చెప్పండి.

ఇంట్లో మీరు చేయగలిగినవి

ఇందుకు మీకు కంప్యూటర్ పరిజ్ఞానం అక్కర్లేదు. ఆ పాఠం మీకు రానక్కర్లేదు కూడా.

ఒకటి. పుస్తకం మూయించి అడగండి. హోంవర్క్ అయ్యాక ఐదు నిమిషాలు “ఇవాళ ఏం రాశావో నాకు చెప్పు నాన్నా” అనండి. తెలుగులో చెప్పినా, సగం ఇంగ్లిష్‌లో చెప్పినా ఫర్వాలేదు. మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే అది వాళ్ల సొంతమైనట్లే. వంటింట్లో పని చేసుకుంటూ కూడా వినొచ్చు. నానమ్మ, తాతయ్య ఉంటే మరీ మంచిది. వాళ్లు అడిగే అమాయకమైన ప్రశ్నలకు మించిన పరీక్ష లేదు.

రెండు. ముందు పావుగంట ఫోన్ లేకుండా. ఏ లెక్కయినా, వ్యాసమైనా మొదటి పదిహేను నిమిషాలు సొంతంగా ప్రయత్నించాలి. రాకపోతే ఎక్కడ ఆగిపోయిందో ఒక ముక్క రాసుకోవాలి. ఆ తర్వాతే ఏఐ, గైడు, యూట్యూబ్ ఏదైనా. ఖాళీగా వదిలేసిన లెక్క పక్కన “ఇక్కడివరకు వచ్చింది, తర్వాత తెలియలేదు” అని రాసి తెచ్చిన పిల్లలను మేము మెచ్చుకుంటాం.

మూడు. మనం చేసి పెట్టడం మానేద్దాం. వంకరగా అతికించిన చార్టు వాళ్లదైతే అదే మాకు కావాలి. మనం చేసిచ్చిన ప్రాజెక్టును తమదని చెప్పుకోమని పంపి, ఏఐ రాసింది తమదని చెప్పకూడదంటే పిల్లలు మన మాట నమ్మరు.

నాలుగు. మొదటి ప్రశ్న మార్చండి. బ్యాగు దించగానే “ఎన్ని మార్కులొచ్చాయి?” అనే ముందు “ఇవాళ ఏది కష్టంగా అనిపించింది?” అని అడిగి చూడండి. పక్కింటి అబ్బాయి ర్యాంకుతో పోల్చిన రోజు రాత్రే ఫోన్‌లో జవాబు వెతకాలన్న ఆశ ఎక్కువగా పుడుతుంది.

ఐదు. దొరికితే అరవకండి. “నేనే రాశాను” అని అబద్ధం చెప్పించే దాకా నిలదీయడం వల్ల రెండో తప్పు కూడా చేయించినట్లవుతుంది. “టైము చాల్లేదా, అర్థం కాలేదా, భయమేసిందా?” అని అడగండి. మూడింటికీ మందులు వేర్వేరు. టైము చాలకపోతే ట్యూషన్ల, క్లాసుల వరుస ఒకసారి చూసుకోవాలి. అర్థం కాకపోతే మాకు చెప్పాలి. భయమైతే, ఆ భయం ఎవరి వల్లో మీరూ మేమూ కూర్చుని మాట్లాడుకోవాలి.

మా వంతు

ఆ అమ్మగారి ప్రశ్నలో మా లోపమూ ఉంది. నేను ఏళ్ల తరబడి అదే వ్యాసం ఇస్తూ, దస్తూరి బాగున్నదానికీ దోషాలు లేనిదానికీ మార్కులు వేస్తూ వచ్చాను. యంత్రం సులువుగా రాయగలిగే ప్రశ్న ఇచ్చింది నేనే. అందుకే మా పద్ధతి మార్చుకున్నాం. పెద్ద వ్యాసాలు, ప్రాజెక్టుల చిత్తుప్రతి క్లాసులోనే మొదలవుతుంది. ఇంట్లో పూర్తిచేశాక దాని మీద రెండు మూడు ప్రశ్నలు ప్రతి ఒక్కరినీ అడుగుతాం, అనుమానం ఉన్నవారిని మాత్రమే కాదు. మొదటిసారి నకలు అని తేలితే సున్నా వేయం, మళ్లీ రాయిస్తాం. మళ్లీ మళ్లీ జరిగితే మిమ్మల్ని పిలిచి మాట్లాడతాం. పదిమంది ముందు ఎవరినీ నిలబెట్టం. ప్రశ్నలు కూడా పిల్లల ఇంటికీ వీధికీ దగ్గరగా ఇస్తున్నాం. ‘వర్షపు నీటి సంరక్షణ’ బదులు ‘మా వీధిలో వాననీరు ఎటు పోతుంది?’ అని అడుగుతున్నాం. దానికి జవాబు కావాలంటే వాన పడ్డప్పుడు గేటు దగ్గర నిలబడి చూడాల్సిందే.

బోర్డు పరీక్షలూ అటే వెళ్తున్నాయి. సీబీఎస్‌ఈ 9, 10 తరగతుల్లో సగం మార్కులు సామర్థ్య ఆధారిత ప్రశ్నలకు కేటాయించింది. నేర్చుకున్నది కొత్త సందర్భంలో వాడగలరా అని చూసే ప్రశ్నలవి. పరీక్ష హాల్లో ఫోన్ ఉండదు, బిడ్డ బుర్ర ఒక్కటే ఉంటుంది.

ఇక ఆ అమ్మాయి సంగతి. రెండు రోజుల తర్వాత వ్యాసం మళ్లీ రాసుకొచ్చింది. ఏడు అక్షరదోషాలు, రెండు చోట్ల వాక్యం పూర్తికాలేదు. క్లాసులో చదివించాను. చదవడం అయ్యాక నాలుగు చేతులు లేచాయి. మగ్గం గుంట ఎంత లోతుంటుంది, ఒక చీరకు ఎన్ని రోజులు పడుతుంది, వాన పడితే పని ఎందుకు ఆపుతారు అని అడిగారు. కొన్నింటికి జవాబు చెప్పింది. ఒకదానికి మాత్రం “మా తాతను అడిగి రేపు చెప్తా” అంది. మర్నాడు చెప్పింది కూడా. మొదటి వ్యాసం గురించి ఎవరైనా ఒక్క ప్రశ్న అడిగి ఉంటే తన దగ్గర చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

ఈ నెల ఇంటి పని (పిల్లలకూ పెద్దలకూ)

ఒక ఆదివారం పిల్లలతో కూర్చుని మీ సొంత ఊరి గురించి ఏఐని ఒక పేరా రాయమనండి. ఆ పేరాను కలిసి చదివి మూడు రంగులతో గీతలు గీయండి. నిజమైన వాక్యానికి పచ్చ, తప్పు వాక్యానికి ఎరుపు, ఏ ఊరికైనా సరిపోయే వాక్యానికి పసుపు. తర్వాత యంత్రానికి తెలియని సంగతులు ఐదు మీ బిడ్డ చేత్తో రాయించి, ఆ కాగితాన్ని తెలుగు టీచరుకు పంపండి. బాగున్నవాటిని తరగతి గది గోడ మీద పెడతాం. అక్షరదోషాలు ఉన్నా సరే.